అందరూ కాల్ చేసే పోకర్ టేబుల్‌లో ఏ ఆట పనికొస్తుంది?

తొమ్మిది మంది కూర్చున్న టేబుల్‌లో ప్రతిసారీ ఐదారుగురు ఫ్లాప్ (అందరికీ కలిపి మధ్యలో తెరిచే మొదటి మూడు ముక్కలు) చూస్తుంటే, రైజ్ చేసినా (పందెం పెంచినా) ఎవరూ తమ రెండు ముక్కలు పడేయకుండా కాల్ చేస్తుంటే (అంతే కట్టి ఉండిపోతుంటే), దాన్ని లూజ్ టేబుల్ అంటారు. చిన్న బ్లైండ్ల (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) లైవ్ పోకర్‌లో ఎక్కువగా దొరికేది ఇదే. అనంతపురం, గుంతకల్లు వైపు నుంచి గోవా పోయి ఆడేవాళ్లు కూర్చునేదీ ఇలాంటి చోటే. ఆసుల జత పట్టుకుని, ఏడు-మూడు పట్టుకున్నవాడి చేతిలో ఓడి, "ఈ ఆటలో తెలివికి విలువ లేదు" అని లేచి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఆ మాట నేను ఒప్పుకోను. తెలివికి డబ్బు దొరికేది ఆ టేబుల్‌లోనే. కాకపోతే అక్కడ ఏ తెలివి చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చుకుని కూర్చోవాలి.

పోలికలోకి పోయే ముందు చట్టం సంగతి. మన ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి పోకర్ ఆడించే చోట్లకు పోవద్దు. 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను కూడా అందులోకి తెచ్చారు. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1968లో మన రాష్ట్రం కేసులోనే చెప్పింది కానీ, పోకర్ విషయంలో హైకోర్టులు ఒకే మాట మీద లేవు. అందుకే ఇక్కడ రాసేదంతా రెండు చోట్ల కోసం: ఇంట్లో డబ్బు లేకుండా ఉత్త చిప్స్‌తో నేర్చుకునే ఆట, లైసెన్సు ఉన్న గోవా క్యాసినోలో టేబుల్. అక్కడ 21 ఏళ్లు నిండితేనే లోపలికి రానిస్తారు.

లెక్కలకు వీలుగా బ్లైండ్లు 50-100 అనుకుందాం, మీ ముందు 10,000 చిప్స్ ఉన్నాయనుకుందాం.

మూడు దారులు

లూజ్ టేబుల్‌లో కూర్చున్నవాడి ముందు మూడు దారులుంటాయి. తక్కువ చేతులు ఆడి, ఆడినప్పుడు గట్టిగా రైజ్ చేయడం మొదటిది. అందరిలాగే వంద పెట్టి ఎక్కువ ఫ్లాప్‌లు చవకగా చూడటం రెండోది. ముక్కలు ఏవైనా సరే రైజుల మీద రైజులు వేసి దబాయించడం మూడోది.

మూడోదాన్ని ముందే పక్కన పెట్టేస్తాను. మూడు ముక్కలాటలో ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడి ఎదుటివాళ్లను బెదరగొట్టే అలవాటు ఉన్నవాళ్లు పోకర్‌కు వచ్చినప్పుడు ఈ దారే పడతారు. బెదిరింపు పని చేయాలంటే ఎదుటివాడు బెదరాలి. పాట్‌లో (మధ్యలో పోగైన పందెం) 2,000 ఉంది, మీరు ఏమీ లేకుండా 1,000 వేశారనుకోండి. ఆ బ్లఫ్ గిట్టుబాటు కావాలంటే మూడింట ఒక్కసారైనా అందరూ ఫోల్డ్ కావాలి (ముక్కలు పడేయాలి). ఎదుట ముగ్గురున్నారు, ఒక్కొక్కరూ సగం సార్లు వదిలేస్తారు అనుకున్నా, ముగ్గురూ ఒకేసారి వదిలేది ఎనిమిదింట ఒక్కసారి. లూజ్ టేబుల్‌లో సగం సార్లు వదిలేవాళ్లు కూడా అరుదు. ఒక్కడే ఎదుట ఉండి, వాడు ఇప్పటికే రెండుసార్లు వదిలే మొహం పెట్టి ఉంటే తప్ప, బ్లఫ్ జోలికి పోకండి.

ఇక అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే.

చవకగా చూడటంలో ఉన్న లాభం, ఉన్న గొయ్యి

రెండో దారికి కొంత న్యాయం ఉంది. ఐదుగురు వందేసి పెట్టి లోపల ఉన్నారు, ఎవరూ రైజ్ చేయలేదు, మీరు చివర్లో మాట్లాడాలి, చేతిలో ఐదుల జత ఉంది. ఇక్కడ వంద పెట్టి చూడటం సరైన పనే. జత పట్టుకున్నవాడికి ఫ్లాప్‌లో మూడోది పడేది దాదాపు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. పడినప్పుడు ఈ టేబుల్‌లో పెద్ద మొత్తమే వస్తుంది, ఎందుకంటే పై జతతో (ఫ్లాప్‌లోని పెద్ద ముక్కతో కుదిరిన జత) ఉన్నవాడు ముక్కలు వదలడు. పడకపోతే పోయేది వంద. అదే ఐదుల జతతో 900 రైజుకు కాల్ చేయాలంటే లెక్క మారిపోతుంది. రైజ్ చేసినవాడి దగ్గరా మీ దగ్గరా ఆ రైజుకు పది పదిహేను రెట్లు మిగిలి ఉంటేనే గిట్టుబాటు. 10,000తో సరిగ్గా అంచు మీద ఉంటారు, 4,000తో అయితే వదిలేయాల్సిందే.

గొయ్యి ఎక్కడుందంటే, "రెండూ ఒకే రంగు" (రెండూ ఇస్పేటో, రెండూ కళావరో) అనే ఆశలో. మూడు ముక్కలాటలో కలర్ పెద్ద చేయి కాబట్టి ఆ మోజు పోకర్‌లోకీ వస్తుంది. రెండు ముక్కలు ఒకే రంగువైతే గెలిచే అవకాశం పెరిగేది మూడు శాతం చుట్టూ మాత్రమే. ఫ్లాప్‌లోనే ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు) పూర్తిగా పడేది నూటికి ఒకసారి కూడా కాదు. ఇంకో ముక్క కోసం ఎదురుచూసే పరిస్థితి వచ్చేది నూటికి పదకొండు సార్లు. పైగా ఆరుగురు ఉన్న పాట్‌లో తొమ్మిది పెద్దగా ఫ్లష్ కలిపితే, ఆసుతోనో రాణితోనో ఫ్లష్ కలిపినవాడు ఇంకొకడు ఉండే ప్రమాదం ఉంది. ఆ చేయి తక్కువ గెలిపించి, ఎక్కువ పోగొడుతుంది. అదే ఇస్పేటు ఆసు, ఇస్పేటు ఐదు అయితే వేరే సంగతి. ఫ్లష్ పడితే అంతకంటే పెద్ద ఫ్లష్ ఎవరి దగ్గరా ఉండదు. చవకగా చూడాలనుకుంటే ఆసుతో కలిసిన ఒకే రంగు ముక్కలు, చిన్న జతలు, తొమ్మిది-పదిలాంటి పక్కపక్క ఒకే రంగు ముక్కలు. అదీ చివరి స్థానాల్లో, రైజ్ లేనప్పుడు. మిగతావి వద్దు.

వదిలేయడం మనవాళ్లకు కొత్త కాదు. రమ్మీలో ఫస్ట్ డ్రాప్‌కు 20, మిడిల్ డ్రాప్‌కు 40, ఫుల్ కౌంట్‌కు 80. పదమూడు ముక్కలు పేర్చి చూసుకుని, సీక్వెన్స్ వచ్చే దారి లేదనగానే 20కి డ్రాప్ చెప్పేవాడిని మనం పిరికివాడు అనం, ఆట తెలిసినవాడు అంటాం. ఫ్లాప్‌కు ముందు ఫోల్డ్ చేయడం ఆ ఫస్ట్ డ్రాప్ లాంటిదే, చాలాసార్లు అంతకంటే చవక. బ్లైండ్‌లో లేకపోతే పైసా కూడా పోదు.

తక్కువ చేతులు, పెద్ద రైజు

నేను చెప్పే దారి ఇదే. దీని మీద ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది: "ఇంత రైజ్ చేసినా నలుగురు వస్తున్నారు, ఆసులు నిలబడటం లేదు, ఇక రైజ్ ఎందుకు?" దీనికి జవాబు అంకెల్లోనే ఉంది. ఆసుల జత ఒక్కడి మీద 85 శాతం గెలుస్తుంది. ఇద్దరి మీద 73, ముగ్గురి మీద 64, నలుగురి మీద 56. ఎనిమిది మంది మీదైతే 35కి దిగుతుంది. ఓడిపోయే సార్లు పెరుగుతున్న మాట నిజం. కానీ డబ్బు లెక్క చూడండి. 300 రైజుకు నలుగురు వస్తే పాట్ 1,500. అందులో 56 శాతం అంటే 840, మీ 300 తీసేస్తే 540 మిగులు. 900 రైజుకు అదే నలుగురు వస్తే పాట్ 4,500. 56 శాతం అంటే 2,520, మీ 900 పోతే 1,620. బ్లైండ్లు, తర్వాతి బెట్‌లు పక్కన పెట్టి చెప్పిన లెక్క ఇది, అయినా విషయం అర్థమవుతుంది. వాళ్లను తరిమేయడానికి కాదు రైజ్ చేసేది. ఉండాలనుకుంటే తగిన ధర కట్టించడానికి. నలుగురూ కట్టి ఉంటామంటే సంతోషంగా కట్టించుకోండి.

ఎంత రైజ్ చేయాలి? ఎవరూ లోపలికి రాకముందు నాలుగైదు బిగ్ బ్లైండ్లు (మన లెక్కలో ఒక్కోటి 100), ఇప్పటికే వంద పెట్టి ఉన్న ఒక్కొక్కరికీ ఇంకొకటి. నలుగురు లింప్ చేశాక (రైజ్ లేకుండా వందేసి పెట్టాక) మీ దగ్గర రాణుల జత ఉంటే 900 వరకు వేయాలి. ఇద్దరు వచ్చారనుకుందాం. పాట్ 3,050 అవుతుంది, మీ దగ్గర 9,100 మిగులుతుంది. అంటే పాట్‌కు మూడు రెట్లే వెనక ఉంది. ఇలాంటప్పుడు ఫ్లాప్ మీ రాణుల కంటే చిన్నగా వస్తే పెద్దగా ఆలోచించే పని లేదు, గట్టిగా బెట్ వేస్తూ పోవడమే. ఆసో రాజో పడేది నూటికి 41 సార్లు. పడి, ఎదుటివాడు గట్టిగా ముందుకొస్తే వదిలేసే మనసుండాలి.

ఏ చేతులు? ముందు స్థానాల్లో పెద్ద జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి. చివర్లోకి వచ్చేకొద్దీ మధ్య జతలు, రాజు-రాణి, పైన చెప్పిన ఒకే రంగు ఆసులు. ఆసు-రాజు పట్టుకున్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఫ్లాప్‌లో దానికి జత కుదిరేది మూడింట ఒక్కసారే. కుదరనప్పుడు నలుగురి మీదికి బెట్ వేస్తే ఆ డబ్బు పోయినట్టే.

ఫ్లాప్ తర్వాత ధర తప్పితే

దీపావళికి మా వైపు మిద్దె మీద చాప పరిచి ఉత్త చిప్స్‌తో ఆడే ఆటలో ఇలాంటి చేయి ఒకటి చూశాను. అల్లుడి దగ్గర ఆసు-రాజు. 900 వేశాడు. ఎరువుల అంగడి మామ వచ్చాడు, ఇంకొకరు వచ్చారు. పాట్ 3,000 చుట్టూ. ఫ్లాప్‌లో ఆఠీను రాజు, కళావరు ఏడు, కళావరు రెండు. అల్లుడు 700 బెట్ వేశాడు. మూడో మనిషి వదిలేశాడు, మామ కాల్ చేశాడు. టర్న్‌లో (మధ్యలో తెరిచే నాలుగో ముక్క) ఇంకో కళావరు పడింది. అప్పటిదాకా వానల గురించి కబుర్లు చెబుతున్న మామ మాట ఆపాడు, చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి నిటారుగా కూర్చున్నాడు. అల్లుడు మళ్లీ బెట్ వేశాడు, మామ రైజ్ చేశాడు, అల్లుడు కాల్ చేశాడు. చూపించినవి కళావరు తొమ్మిది, కళావరు నాలుగు.

"తొమ్మిది-నాలుగుతో తొమ్మిది వందలకు ఎట్లా వస్తావు మామా?"

"రెండూ కళావరు గదప్పా, చూడకుండా ఎట్లా వదిలేది?"

900కు రావడం మామ చేసిన తప్పే. కానీ ఫ్లాప్‌లో మామ చేసిన కాల్ తప్పు కాదు, దాన్ని అంత చవక చేసింది అల్లుడే. 700 పెట్టి 4,400 పాట్ కోసం ఆడటానికి 16 శాతం అవకాశం ఉంటే చాలు. ఫ్లష్ కోసం చూసేవాడికి తర్వాతి ముక్కలోనే 19 శాతం ఉంటుంది. అల్లుడు 2,500 వేసి ఉంటే మామ 31 శాతం అవకాశానికి సరిపడా ధర కట్టాల్సి వచ్చేది, అప్పుడూ కట్టేవాడే, ఎందుకంటే ఆయన వదిలే మనిషి కాదు. ఆ తేడాలోనే లూజ్ టేబుల్ లాభమంతా ఉంది. మంచి చేయి ఉన్నప్పుడు చిన్న బెట్, పెద్ద బెట్ రెండింటిలో పెద్దదే ఎంచుకోండి. పాట్‌లో మూడింట రెండు వంతుల నుంచి పూర్తి పాట్ దాకా. 700కు కాల్ చేసేవాడు 2,000కూ చాలాసార్లు కాల్ చేస్తాడు.

అదే చేతిలో రెండో పాఠం టర్న్‌లో ఉంది. ఎప్పుడూ కాల్ మాత్రమే చేసే మనిషి టర్న్‌లోనో రివర్‌లోనో (చివరిదైన ఐదో ముక్క) రైజ్ చేశాడంటే, ఒక్క జతతో ఉన్నవాడు వదిలేయాలి. ఇలాంటి మనుషులు ఏమీ లేకుండా రైజ్ చేయరు. వాళ్ల ఒంటి తీరు కూడా చెబుతుంది. మూడో కళావరు పడగానే తన ముక్కలు మళ్లీ ఎత్తి చూసుకున్నవాడి దగ్గర సాధారణంగా ఫ్లష్ ఉండదు, ఒక్క కళావరు ఉందేమో అని చూసుకుంటున్నాడు. ముక్కల వైపు చూడకుండా చిప్స్ వైపు చూసి, మాట తగ్గించినవాడితోనే జాగ్రత్త.

మీరే ముక్క కోసం చూస్తున్నప్పుడు జనం ఎక్కువ ఉండటం మీకు మేలు. పాట్ 3,000, ఒకడు 1,000 వేశాడు, ఇద్దరు కాల్ చేశారు. 6,000 కోసం మీరు 1,000 పెట్టాలి, ఏడింట ఒక్కసారి గెలిస్తే చాలు. ఆసు ఫ్లష్ కోసం చూసేవాడు హాయిగా కాల్ చేయొచ్చు. అదే ఒక్కడే ఎదుట ఉండి 3,000 వేస్తే మూడింట ఒక్కసారి గెలవాలి, ఫోల్డ్ చేయాలి.

ఎంత చిప్స్ కొనాలి: నిండుగానా, తక్కువగానా?

మామూలుగా అయితే నిండుగా కొనమనే చెప్పేవాడిని. ఎదుటివాళ్లు తప్పులు చేస్తున్న చోట మీ ముందు 100 బ్లైండ్లు ఉంటే మంచి చేతికి 100 బ్లైండ్లు వస్తాయి, 40 ఉంటే 40 వస్తాయి. చిన్న జతలు, ఒకే రంగు ఆసులు ఆడాలన్నా నిండు చిప్స్ ఉంటేనే వాటికి అర్థం.

కానీ ఇప్పుడు పన్ను ఈ లెక్కను మార్చేసింది. క్యాసినోలో చిప్స్ కొనే మొత్తం విలువ మీద 2023 అక్టోబర్ 1 నుంచి 28 శాతం జీఎస్‌టీ, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. గెలిచిన చిప్స్‌తో మళ్లీ ఆడితే మళ్లీ పడదు, కొనేటప్పుడే పడుతుంది. 10,000 చిప్స్ మీద 40 శాతం లెక్కన 4,000, అంటే 40 బ్లైండ్లు. లైవ్‌లో గంటకు 25-30 చేతులే పడతాయి. గంటకు ఐదు బ్లైండ్లు నిలకడగా గెలిచేవాడిని మంచి ఆటగాడంటారు. ఆ 40 బ్లైండ్లు రాబట్టడానికే ఎనిమిది గంటలు కావాలి. పైగా ప్రతి పాట్ నుంచి క్యాసినో కోత ఉంటుంది. గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను ఉంది, ఒక రోజు నష్టాన్ని ఇంకో రోజు గెలుపులోంచి తీసేసి చూపించే వీలూ లేదు. పోకర్ టేబుల్‌కు పన్ను, కోత ఎలా వేస్తారో చిప్స్ కొనకముందే కౌంటర్ దగ్గర అడిగి, కాగితం మీద లెక్క వేసుకోండి.

అందుకే ఇవాళ్టి పరిస్థితిలో నా సలహా రెండు ముక్కలైంది. రెండు రోజులుండి, ఒకే టేబుల్‌లో ఎక్కువ గంటలు ఓపికగా కూర్చోగలిగినవాళ్లు ఒకేసారి నిండుగా కొనండి. ఒక్క రాత్రి సరదా కోసం, స్నేహితులతో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోయేవాళ్లు 40 బ్లైండ్లు కొని, చిన్న జతలు, పక్కపక్క ముక్కలు పూర్తిగా వదిలేసి, పెద్ద చేతులతో మాత్రమే ఫ్లాప్‌లోపే సగం చిప్స్ లోపలికి పంపే ఆట ఆడండి. దీనిలో తికమక తక్కువ, టెన్షన్ తక్కువ. రెండింటిలో ఎవరైనా సరే, ఆ రాత్రికి ఇంత అని అనుకున్న డబ్బు అయిపోతే ఆట అయిపోయినట్టే. శెనక్కాయల డబ్బు, పిల్లల ఫీజు డబ్బు ఆ లెక్కలోకి రాకూడదు. పన్ను పోను బతుకుతెరువుకు సరిపడా మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

కుర్చీ, టేబుల్, టోర్నమెంట్

కుర్చీ ఎంచుకునే వీలుంటే, ప్రతి చేతికీ రైజ్ చేసే దూకుడు మనిషికి ఎడమ పక్కన కూర్చోండి. అతను ఏం చేశాడో చూశాక మీరు తేల్చుకోవచ్చు. కాల్ మాత్రమే చేసేవాళ్లు మీకు ఏ పక్కన ఉన్నా పెద్ద తేడా లేదు.

టోర్నమెంటా, క్యాష్ గేమా అంటే, ఖర్చు ముందే తెలియాలనుకునేవాళ్లకు టోర్నమెంట్ నయం. ప్రవేశ రుసుము కట్టాక రీబై చేయనంత వరకు (మళ్లీ డబ్బు కట్టి చిప్స్ కొననంత వరకు) ఇంకా పోయేది ఉండదు. కానీ బ్లైండ్లు పెరిగేకొద్దీ ఓపికగా కూర్చునే ఆట చెల్లదు, మంచి ముక్కలు లేకున్నా రైజ్ చేసి బ్లైండ్లు లాక్కోవాల్సి వస్తుంది. పైన చెప్పిన పద్ధతి నిలబడేది క్యాష్ గేమ్‌లోనే.

కూర్చున్నాక అరగంట పాటు ఒకటే లెక్క పెట్టండి: ఫ్లాప్ ఎంతమంది చూస్తున్నారు, చివర్లో చూపించే ముక్కలు ఎలా ఉన్నాయి. నలుగురైదుగురు చూస్తూ, రెండో జతతో రివర్ దాకా కాల్ చేసేవాళ్లు ఇద్దరైనా ఉంటే ఆ కుర్చీ వదలకండి. రాత్రి గడిచేకొద్దీ ఆ ఇద్దరూ లేచిపోయి, వాళ్ల చోట్లలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పది చేతులకు ఒకటి ఆడేవాళ్లు వస్తే, ఫ్లోర్ మేనేజర్‌ను టేబుల్ మార్పు అడగండి. వేరే టేబుల్ లేదంటే చిప్స్ తీసుకుని కౌంటర్ దగ్గరికి పొండి.